అంగడి జాబితాలో మన పుస్తకం

సొంత డబ్బుతో పుస్తకం వేసుకునే రచయిత తెలుగులో కొత్త మనిషి కాడు. ప్రచురణ సంస్థలు వేయమన్నప్పుడో, వేస్తామని చెప్పి ఏళ్లు గడిపినప్పుడో, చేతిలో ఉన్నది ఊడ్చి, చాలనిది అప్పు తెచ్చి, అయిదు వందలో వెయ్యో కాపీలు అచ్చు వేయించి, సంచిలో పెట్టుకుని సభలకు మోసుకెళ్లినవాళ్లు ప్రతి తరంలోనూ ఉన్నారు. ఆ పద్ధతిలో పుస్తకమూ, రచయితా, పాఠకుడూ ఒకే చోట ఉండేవారు. పాఠకుడు పుస్తకం చేతిలోకి తీసుకుని నాలుగు పుటలు తిరగేసేవాడు. సందేహం వస్తే పక్కనే నిలబడ్డ రచయితను అడిగేవాడు. ఇప్పుడు అమ్మకంలో పెద్ద భాగం ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా జరుగుతోంది. అక్కడ పాఠకుడికి పుస్తకం కనిపించదు. పుస్తకం పేరు, రచయిత పేరు, భాష, సంవత్సరం, పుటల సంఖ్య, వెల, ఒక అట్ట బొమ్మ, పది వాక్యాల పరిచయం, ఇవే కనిపిస్తాయి. కొనాలో వద్దో ఆ ఒక్క పేజీని బట్టి నిర్ణయించుకుంటాడు. అంతకుముందు మాట, వెతికినప్పుడు ఆ పేజీ అసలు దొరకాలి.

ఇది వ్యాపారానికి సంబంధించిన గొడవ, సాహిత్య పత్రికలో దీనికి చోటెందుకు అని మిత్రులు కొందరు అడగవచ్చు. రచయిత ఎవరు, ఏ భాషలో రాశాడు, ఏ సంవత్సరంలో రాశాడు, అది కథా వ్యాసమా కవితా అనేవి విమర్శకుడు మొదట తేల్చుకోవలసిన విషయాలు. అంగడి పేజీ చెప్పేవి కూడా సరిగ్గా ఇవే. పరిశోధన చేసే విద్యార్థి ప్రచురణ సంవత్సరాన్ని గ్రంథాలయానికి వెళ్లి పుస్తకంలో చూడకుండా అంగడి పేజీలో చూసి సిద్ధాంత వ్యాసంలో రాసుకుంటున్న రోజులివి. అక్కడి తప్పు సాహిత్య చరిత్రలోకి నేరుగా నడిచి వస్తుంది. పేరున్న ప్రచురణ సంస్థ అయితే ఈ పనికి ఒక గుమాస్తా ఉంటాడు. సొంతంగా వేసుకున్న రచయితకు ఆ గుమాస్తా కూడా తానే.

ఈ వివరాలు ఒక్క చోట పుట్టవని ముందు గ్రహించాలి. ఈ-పుస్తకాన్నిగాని, గిరాకీ వచ్చినప్పుడల్లా ఒక్కో కాపీ అచ్చు వేసే పద్ధతిలో పుస్తకాన్నిగాని రచయిత స్వయంగా ఎక్కిస్తే, రచయిత నింపిన ఫారమే మూలం. అమెజాన్ వారి కిండిల్ డైరెక్ట్ పబ్లిషింగ్‌లో జరిగేది ఇదే. అచ్చు పుస్తకాన్ని ఏ విక్రేతో అంగడిలో పెడితే, ఆ దుకాణంలో కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడు అట్ట చూసి కొట్టిన అక్షరాలు మూలం. ఐ.ఎస్.బి.ఎన్. కోసం పెట్టిన దరఖాస్తు మూడో మూలం. పెద్ద సంస్థలు తమ పుస్తక సమాచారాన్ని అన్ని అంగళ్లకూ ఒకే రూపంలో పంపుకోవడానికి 2000 నుంచి ఓనిక్స్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. సొంత ప్రచురణ రచయితకు సాధారణంగా అది అందుబాటులో ఉండదు కాబట్టి, ఒకే పుస్తకం నాలుగు అంగళ్లలో నాలుగు రకాలుగా కనిపిస్తుంది. తప్పు కనిపించగానే ఆ అంగడికి ఉత్తరం రాయడం కంటే, ఆ తప్పు ఏ మూలం నుంచి వచ్చిందో చూడడం ముందు పని. మూలంలో తప్పు అలాగే ఉంచి అంగడిలో దిద్దితే, మళ్లీ సమాచారం చేరిన రోజున పాత తప్పు తిరిగి వచ్చి కూర్చుంటుంది.

ఐ.ఎస్.బి.ఎన్. సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశంలో ఈ సంఖ్యను ఇచ్చేది కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ. రచయిత తానే ప్రచురణకర్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు, రుసుము లేదు. ఈ సంగతి తెలియక మధ్యవర్తులకు డబ్బు ఇస్తున్నవాళ్లు ఉన్నారు. డబ్బు పోవడం ఒక్కటే నష్టం కాదు. మరో సంస్థకు కేటాయించిన సంఖ్యల్లోంచి ఒకటి తీసి మన పుస్తకానికి అంటిస్తే, రికార్డులో ప్రచురణకర్తగా ఆ సంస్థే ఉంటుంది. అమెజాన్ తన అచ్చు పుస్తకాలకు ఉచితంగా ఇచ్చే సంఖ్య తీసుకుంటే ప్రచురణకర్త గడిలో ‘ఇండిపెండెంట్లీ పబ్లిష్డ్’ అని పడుతుంది. ఆ సంఖ్యతో పుస్తకాన్ని మరో చోట అచ్చు వేయించుకునే వీలు లేదు. మెత్తట్టకు ఒక సంఖ్య, గట్టి అట్టకు ఒకటి, ఈ-పుస్తకానికి మరొకటి ఉండాలి. మార్పులు చేర్పులు చేసిన కొత్త కూర్పుకు కొత్త సంఖ్య కావాలి. ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చు వేస్తే పాతదే చాలు.

ఆ పదమూడు అంకెలు అచ్చులో తప్పు పడ్డాయేమో ఇంట్లో కూర్చునే పరీక్షించవచ్చు. మొదటి పన్నెండు అంకెలను వరసగా 1, 3, 1, 3 చేత హెచ్చవేసి అన్నీ కూడాలి. వచ్చిన మొత్తం తరువాతి పదుల సంఖ్యకు ఎంత తక్కువో అదే చివరి అంకె. మొత్తం సరిగ్గా పదుల సంఖ్యే అయితే చివరి అంకె 0. ఉదాహరణకు 978030640615 అనే పన్నెండు అంకెలకు మొత్తం 93 వస్తుంది. 100కు 7 తక్కువ, కనుక పదమూడో అంకె 7. ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైనా, వాటి తేడా 5 అయిన సందర్భంలో తప్ప, పట్టుబడుతుంది. అట్ట వెనక ఒక సంఖ్య, లోపల మరో సంఖ్య ఉన్న పుస్తకాలు మన అరల్లోనే దొరుకుతాయి.

ఇక అసలు చిక్కు పేర్లలో ఉంది. ఈ ఫారాలు తయారు చేసినవాళ్ల దేశంలో మనిషికి సొంత పేరు ముందు, కుటుంబం పేరు తరువాత వస్తాయి. మనకు ఇంటిపేరు ముందు. కాళీపట్నం రామారావు అన్న పేరును ‘మొదటి పేరు’, ‘చివరి పేరు’ అనే రెండు గడుల్లో పెట్టమంటే, ఒకరు కాళీపట్నాన్ని మొదటి గడిలో పెడతారు, ఒకరు రెండో గడిలో పెడతారు, మూడోవారు దాన్ని ఒక పొడి అక్షరంగా కుదిస్తారు. యంత్రం దృష్టిలో వీళ్లు ముగ్గురు రచయితలు. ఒకరి పుస్తకం కొన్నవాడికి తక్కిన ఇద్దరివీ కనిపించవు. దీనికి మందు ఒక్కటే. తెలుగులో ఒక రూపం, రోమన్ లిపిలో ఒక రూపం నిర్ణయించుకుని, ఆ అక్షరాలు, ఆ చుక్కలు, ఆ ఖాళీలు ఎక్కడా తేడా లేకుండా ప్రతి పుస్తకానికీ ప్రతి అంగట్లోనూ వాడాలి. అట్ట మీద వేసిన పేరు కూడా అదే కావాలి.

ఇంతవరకు సాంకేతికం. దీని వెనక మరో సంగతి ఉంది. మన సాహిత్యంలో పేరు పెట్టుకోవడమూ పేరు వదులుకోవడమూ చాలామందికి ఆలోచించి చేసిన పనులు. ముప్పాళ రంగనాయకమ్మగా రాయడం మొదలుపెట్టిన రచయిత్రి తరువాత ఆ ఇంటిపేరును వదిలి రంగనాయకమ్మగానే రాస్తూ వచ్చారు. కులాన్ని తెలిపే తోకను పేరు చివరినుంచి కోసేసుకున్న రచయితలు అభ్యుదయ, విప్లవ, దళిత సాహిత్యాల్లో ఎందరో ఉన్నారు. ఫారం మాత్రం రెండో గడి ఖాళీగా ఉంటే ముందుకు కదలదు. అప్పుడేమవుతుంది? ఫారం నింపే మిత్రుడు పాత ఇంటిపేరు తెచ్చి అక్కడ పడేస్తాడు. లేదా పాన్ కార్డులో ఉన్న పేరునే రచయిత పేరుగా దించేస్తాడు. ముప్పయి ఏళ్ల కిందట వదిలేసిన రెడ్డి, శాస్త్రి, చౌదరి అంగడి పేజీలో తిరిగి లేచి కూర్చుంటాయి. ఇక్కడ తెలుసుకోవలసింది ఏమంటే, ఖాతాదారు పేరు వేరు, రచయిత పేరు వేరు. పన్నుల కోసం, బ్యాంకు కోసం ఖాతాలో అసలు పేరు ఇవ్వక తప్పదు. అది పాఠకుడికి కనిపించదు. పుస్తకం ఫారంలో రచయిత గడి వేరే ఉంటుంది, అందులో కలం పేరు పెట్టుకోవడానికి ఏ అడ్డంకీ లేదు. రెండో గడి తప్పనిసరి, పేరు ఒక్కటే అయితే, ఆ ఒక్క పేరును తప్పనిసరి గడిలో పెట్టి రెండోదాన్ని వదలాలి. ఆ రెండో గడి నింపాలన్న తొందరలో మనిషిని మార్చేయకూడదు.

కలం పేర్ల వల్ల వచ్చే మరో రకం తప్పు చూడండి. తెనాలి హోటళ్లలో పనిచేస్తూ, తమిళం మాతృభాషగా ఉండి తెలుగులో నవలలూ కథలూ రాసి 1955లో చనిపోయిన ఎస్. నటరాజన్ కలం పేరు శారద. పేరు ఒక్కటే చూసి పరిచయం రాసే గుమాస్తా, ఇప్పుడైతే గుమాస్తా చోట్లో కూర్చున్న యంత్రం, ‘రచయిత్రి’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? కె.జి. సత్యమూర్తి, శివసాగర్ ఒకరేనని యంత్రానికి ఎవరు చెబుతారు? ఒకే పేరున్న ఇద్దరు రచయితల పుస్తకాలు ఒకరి పేజీలో కలిసిపోవడం కూడా మామూలే. అమెజాన్‌లో రచయితల కోసం వేరుగా ఉన్న ఆథర్ సెంట్రల్ అనే విభాగంలో ఇవి నావి, ఇవి నావి కావు అని చెప్పుకునే ఏర్పాటు ఉంది. బతికున్న రచయిత అది వాడుకోవచ్చు. పోయినవాళ్ల తరఫున కుటుంబమో, సంఘమో, ప్రచురణకర్తో పూనుకోవాలి. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఈ పనిని, అంటే ఏ కథ ఎవరిది, ఏ పత్రికలో ఎప్పుడు వచ్చింది అని కూడబెట్టే పనిని, అమ్మకంతో నిమిత్తం లేకుండా చేసింది. కలం పేరు చిక్కుముడి ఎదురైనప్పుడు అంగడి పేజీల మీద ఆధారపడకుండా అక్కడ వెతకడం మేలు.

అక్షరాల దగ్గరికి వద్దాం. మన పుస్తకాల్లో చాలా భాగం ఇప్పటికీ అను వంటి పాత ఫాంట్లలో కూర్చినవే. ఆ ఫాంట్లలో కంప్యూటరు దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలను, తెరమీద మాత్రం తెలుగు ఆకారం చూపిస్తుంది. అట్ట వెనక మాటను అందులోంచి ఎత్తి అంగడి ఫారంలో పెడితే, ఫాంటు తోడు రాదు గనుక, గజిబిజి గుర్తులు బయటపడతాయి. డి.టి.పి. చేసే చోట బాగానే కనిపించింది కాబట్టి రచయిత గమనించడు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచే చోటుంది. పరిచయ వాక్యాలనూ పుస్తకం పేరునూ యూనికోడ్‌లో కొత్తగా కొట్టించుకోవాలి, మార్పిడి సాధనాలు వాడితే అక్షరం అక్షరం చదివి చూసుకోవాలి. ఒత్తులూ పొల్లులూ అక్కడే చెడతాయి.

యూనికోడ్‌లో ఉన్నా చిక్కు పూర్తిగా తీరదు. ‘కథలు’ అని వెతికేవాడికి ‘కధలు’ అని కొట్టిన పుస్తకం దొరకకపోవచ్చు. ‘పెళ్ళి’ అని రాసేవాళ్లున్నారు, ‘పెళ్లి’ అని రాసేవాళ్లున్నారు. రెండూ తప్పు కాకపోయినా యంత్రానికి అవి రెండు మాటలు. అందుకే పుస్తకం మీద ఉన్న వర్ణక్రమాన్నే పేరు గడిలో ఉంచి, రెండో రూపాన్నీ రోమన్ లిపి రూపాన్నీ వెతుకుడు మాటల గడుల్లో ఇవ్వాలి. కిండిల్ ఫారంలో అటువంటి గడులు ఏడు ఉంటాయి. వాటిలో పేరున్న ఇతర రచయితల పేర్లు దూర్చి పాఠకుణ్ణి తమ పుస్తకం దగ్గరికి లాక్కొచ్చేవాళ్లున్నారు. అది అంగడి నిబంధనలకు విరుద్ధం. నిబంధన లేకపోయినా చేయవలసిన పని కాదు.

భాష గడి గురించి ఒక చేదు విషయం. కిండిల్ 2016 డిసెంబరులో భారతీయ భాషలకు తలుపు తెరిచినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అనే అయిదు భాషలను చేర్చింది. తెలుగు అందులో లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవారు 8 కోట్ల పైచిలుకు, గుజరాతీ 5 కోట్ల యాభై లక్షల ప్రాంతం, మలయాళం 3 కోట్ల యాభై లక్షలకు కొంచెం తక్కువ. భాషలకు చోటిచ్చేది మాట్లాడేవారి సంఖ్య కాదని, వ్యాపారికి కనిపించే కొనుగోలు శక్తి అని దీన్నిబట్టి అర్థమవుతుంది. మన వాచక సంస్కృతి మీద మనం వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇందులో ఉంది, అది వేరే వ్యాసానికి తగిన విషయం. ప్రస్తుతానికి రచయిత చేయగలిగినది ఇంతే. ఏ అంగడిలోనైనా భాష గడి తెరిచి తెలుగు ఉందో లేదో చూడాలి. లేదని ఇంగ్లీషో హిందీయో ఎంచి ఎక్కిస్తే, తెలుగు పుస్తకాలు చూపించమన్న పాఠకుడికి ఆ పుస్తకం కనిపించదు, ఇంగ్లీషు పుస్తకం అనుకుని కొన్నవాడు తిట్టుకుంటూ తిప్పి పంపుతాడు. తెలుగును ఒప్పుకునే చోటికే ఈ-పుస్తకాన్ని తీసుకుపోవడం నయం.

సంవత్సరాల విషయంలో పెద్ద ఉదాహరణే తీసుకుందాం. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది, గురజాడ బాగా పెంచి తిరగరాసిన రెండో కూర్పు 1909లో వచ్చింది. రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవారు వాటిని ఒకే నాటకం అనడానికి వెనుకాడతారు. ఇవాళ దానిని మళ్లీ అచ్చు వేసిన ఎవరైనా ఏ కూర్పు అన్నది చెప్పకుండా అంగడిలో పెడితే, పేజీలో కనిపించేది పుస్తకం అక్కడ చేరిన సంవత్సరం మాత్రమే. గురజాడ విషయంలో దీన్ని సరిదిద్దే విమర్శకులు ఉన్నారు. 1982లో సొంతంగా వేసుకున్న కవితా సంపుటిని ఇప్పుడు మళ్లీ వేసుకున్న మామూలు కవికి ఎవరున్నారు? అత్యవసర పరిస్థితి కాలంలో రాసిన కవిత నిన్నగాక మొన్న రాసినట్టు నమోదవుతుంది. కొన్ని ఫారాల్లో ‘ముందే అచ్చయిందా’ అన్న ప్రశ్న ఉంటుంది, అక్కడ తొలి ముద్రణ తేదీ ఇవ్వవచ్చు. ఆ గడి లేని చోట పరిచయంలో మొదటి వాక్యంగానే తొలి ముద్రణ సంవత్సరం రాయాలి. అనువాదమైతే మూల రచయిత, అనువాదకుడు వేరు వేరు పాత్రల్లో నమోదు కావాలి. అనువాదకుడి పేరు ఎగిరిపోవడం, లేదా అతడే రచయిత అయిపోవడం, రెండూ తరచు జరిగే అన్యాయాలే.

పుస్తకాన్ని ఏ విభాగంలో పెట్టాలన్నది మరో తగాదా. ఈ విభాగాల పట్టికలకు మూలమైన బైసాక్ అమెరికా పుస్తక వ్యాపారం అవసరాల కోసం తయారైంది. 2013లో మొదలైన థీమా అంతర్జాతీయం కావాలన్న ఉద్దేశంతో వచ్చింది. బీడీ కార్మికుల కథలకో, నిర్వాసితుల పాటలకో సరిపోయే అర ఆ పట్టికల్లో వెతికి పట్టుకోవడం ఓపిక పని. దగ్గరగా ఉన్నది ఎంచుకుని, మిగతాది పరిచయంలో చెప్పుకోవాలి. అమ్మకం బాగుంటుందని భక్తి విభాగంలోనో వ్యక్తిత్వ వికాసంలోనో పెట్టమని సలహా ఇచ్చేవాళ్ల మాట వినకూడదు.

సరిచూసుకోవడం ఎలా? సొంత ఖాతాలోంచి చూస్తే యంత్రం మనకు నచ్చేదే చూపిస్తుంది. ఖాతా లేని మరో ఫోనులో చూడాలి. పేరు తెలుగులో కొట్టి, రోమన్‌లో కొట్టి, సంఖ్య కొట్టి, మూడు విధాల వెతకాలి. పుస్తకాన్ని చేత్తో పట్టుకుని, పేరు పేజీకీ తెరకూ పోల్చుకుంటూ, ప్రూఫు దిద్దినట్టే దిద్దాలి. పుస్తకం పెట్టిన వారంలో ఒకసారి, ధర మారినప్పుడు, కొత్త కూర్పు వచ్చినప్పుడు మళ్లీ చూడాలి. ఖాతాలో చేసిన మార్పు కిండిల్ అంగడిలో కనబడడానికి మూడు రోజుల దాకా పట్టవచ్చు. అచ్చు పుస్తకాల్లో పేరు, రచయిత, సంఖ్య వంటివి ఒకసారి ప్రచురించాక ఖాతాలోంచి మార్చుకోవడానికి వీలుండదు, కనుక ఆ మీట నొక్కే ముందే మరొకరి చేత చదివించుకోవాలి. విక్రేత పెట్టిన పేజీ అయితే, పేరు పేజీ ఫొటో, ముద్రణ వివరాల పేజీ ఫొటో, ఐ.ఎస్.బి.ఎన్. కేటాయించిన ఉత్తరం జతచేసి, ఉన్నదేమిటో ఉండవలసిందేమిటో ఒక్కో వరుసలో రాసి పంపాలి. కోపం వెళ్లగక్కుతూ రాసిన రెండు పుటల ఉత్తరాన్ని చదివేవాడు అవతల ఎవరూ ఉండడు.

కొన్ని మన చేతిలో ఉండవు. అమ్మకం ఆపేసినా అచ్చు పుస్తకం పేజీ పోదు, పాత కాపీలు అమ్ముకునేవారి కోసం అలాగే ఉంటుంది. ఆ పాత కాపీకి ఎవరో అయిదింతల వెల పెడితే రచయిత చేయగలిగింది లేదు. 2013లో అమెజాన్ కొనుక్కున్న గుడ్‌రీడ్స్‌లో పుస్తక వివరాలు దిద్దే అధికారం పాఠకుల్లోంచే వచ్చిన స్వచ్ఛంద గ్రంథపాలకులకు ఉంది, వాళ్లను అడగాలి. ఇంటర్నెట్ ఆర్కైవ్ నడిపే ఓపెన్ లైబ్రరీలో ఖాతా ఉన్న ఎవరైనా దిద్దవచ్చు. మన సంఘాల శాఖలు తమ సభ్యుల పుస్తకాలను అక్కడైనా సరిగ్గా నమోదు చేస్తే, లాభాపేక్ష లేని రికార్డు ఒకటి మిగులుతుంది.

రికార్డు అన్నది అంగళ్లతో మొదలు కాలేదు. 1857 తిరుగుబాటు తరువాత పదేళ్లకు, 1867లో, వలస ప్రభుత్వం చేసిన ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం కింద అచ్చయిన ప్రతి పుస్తకం పేరు, భాష, రచయిత, ముద్రాపకుడు, పుటలు, వెల, కాపీల సంఖ్య మూడు నెలలకోసారి పట్టికలుగా వెలువడేవి. దేశీయులు ఏం అచ్చు వేస్తున్నారో కనిపెట్టడానికి పుట్టిన ఆ పట్టికలే ఇవాళ సాహిత్య చరిత్రకారులకు ఆధారం. ఆ చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. అది పత్రికలకే పరిమితం, పుస్తకాలను వదిలేసింది. కాపీల సంఖ్యతో సహా పుస్తకాన్ని నమోదు చేసే ఆ పాత ఏర్పాటు దాంతో పోయింది.

మిగిలింది 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం. దాని ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లో ఒక కాపీని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, మరి మూడు కాపీలను మద్రాసు కన్నెమెరా, బొంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకు సొంత ఖర్చుతో పంపాలి. జాతీయ గ్రంథాలయానికి పంపే కాపీ అచ్చయినవాటిలో మేలైన కాగితం మీదిదై, బొమ్మలతో సహా పూర్తిగా ఉండాలి. పంపకపోతే జరిమానా 50 రూపాయల దాకా, దానితోపాటు పుస్తకం వెల. ఈ చట్టం దృష్టిలో సొంతంగా వేసుకున్న రచయితే ప్రచురణకర్త, అయినా అంగడికి పుస్తకం పెట్టిన ఉత్సాహంతో ఈ నాలుగు పార్సెళ్లు కట్టేవాళ్లు తక్కువ. వాటిని కట్టే ముందు పేరు పేజీనీ దాని వెనక పేజీనీ మరోసారి చదువుకోవాలి. గ్రంథాలయంలో పుస్తక వివరాలు రాసే ఉద్యోగి ముందుగా చూసేది ఆ రెండు పేజీలనే.